నౌపడ–గుణుపూర్ చిన్న రైలు: మూతబడ్డ హాల్ట్ సరిగ్గా ఎక్కడుండేదో తేల్చడం ఎలా?

విభాగం: శ్రీకాకుళం, విజయనగరం రైలు చరిత్ర

#1 – మెట్టపొలం

నమస్కారమండీ. టెక్కలి, పాతపట్నం మధ్య ఒక ఊరి చరిత్ర పుస్తకంలో చిన్న రైలు హాల్ట్ (బండి కాసేపు ఆగే చిన్న చోటు) గురించి ఒక అధ్యాయం ఉండాలి. నారోగేజ్ రోజుల్లో, అంటే ఇరుకు పట్టాల చిన్న రైలు ఉన్నప్పుడు, కూలి పనులకీ, కాలేజీకీ, సంతకీ జనం ఆ హాల్ట్‌లోనే ఎక్కి దిగేవారు. బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల లైను) వచ్చాక ఆ చోట బండి ఆగడం లేదు. ఇప్పుడక్కడ ఉన్నవి మూడే: పొలాల్లోకి వంగి పోయే పాత రైలు కట్ట ముక్క, పైకప్పు లేని చిన్న గది గోడలు, కంచెకి పాతిన నాలుగు పట్టా ముక్కలు. హాల్ట్ ఎక్కడని అడిగితే ఊళ్లో పెద్దలు మూడు చోట్లు చూపిస్తున్నారు. ఆ మూడు చోట్లకీ మధ్య ఇంచుమించు ముప్పాతిక కిలోమీటరు దూరం ఉంది.

ఏ చోటు సరైనదో ఎలా తేల్చాలి? ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది ఏ కాగితాల్లో దొరుకుతుంది? కొలతలు తీసుకోవడానికి మనుషులున్నారు. ఏం కొలవాలో చెప్పండి.

#2 – పాత_టైంటేబుల్

ముందు లైను చరిత్ర చెప్తాను. ఏ కాలం కాగితాలు ఏ పేరు కింద వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇది పర్లాకిమిడి రాజా వారు వేయించిన లైను. మద్రాసు–హౌరా దారిలో వాళ్లకి దగ్గరి స్టేషన్ నౌపడ. అక్కడి నుంచి పర్లాకిమిడి దాకా 1900 ఏప్రిల్ 1న బండ్లు నడిచాయి. గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం) రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. మొదటి ఏళ్లలో నష్టం వచ్చింది. 1910 తర్వాత కొంచెం మిగిలింది, 1924–25 తర్వాత లాభం బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే లైనుని 1929లో ఒక విడత, 1931లో ఇంకో విడత పొడిగించి గుణుపూర్ చేర్చారు. మొత్తం సుమారు 90 కి.మీ. గేజ్ మార్పిడి కోసం 2004 జూన్‌లో చిన్న రైలు ఆపేశారు. పర్లాకిమిడి దాకా పెద్ద పట్టాల మీద బండి 2010 ఆగస్టులో వచ్చింది, గుణుపూర్‌కి 2011లో.

మీ హాల్ట్ నౌపడకీ పర్లాకిమిడికీ మధ్య ఉంది కాబట్టి అది 1900 నాటి మొదటి ముక్కలోది. అంతమాత్రాన హాల్ట్ 1900లోనే పుట్టిందని రాయకండి. లైను తెరిచిన తేదీ వేరు, దాని మీద ఒక్కో స్టేషన్ తెరిచిన తేదీ వేరు. చిన్న హాల్ట్‌లు చాలాచోట్ల ఊరివాళ్లు అర్జీలు పెట్టుకున్నాక, లైను వేసిన దశాబ్దాల తర్వాత వచ్చాయి. ఊరి చరిత్రలు రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

వెతికేటప్పుడు పేర్లు మార్చి మార్చి వెతకండి. పాత కాగితాల్లో పర్లాకిమిడి లైట్ రైల్వే, ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే, 1952 నుంచి ఈస్టర్న్, 1955 ఆగస్టు నుంచి సౌత్ ఈస్టర్న్, 2003 ఏప్రిల్ నుంచి ఈస్ట్ కోస్ట్. శ్రీకాకుళం పాత ఇంగ్లీషు కాగితాల్లో ‘చికాకోల్’ అని ఉంటుంది. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనే ఒకప్పటి చికాకోల్ రోడ్. జిల్లా పేరు కూడా చూసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా టెక్కలి వైపు గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న పుట్టింది. 1936కి ముందు ఫైళ్ల కోసం శ్రీకాకుళం పేరుతో వెతికితే ఏమీ దొరకదు. అవి మద్రాసు ప్రభుత్వపు కాగితాలు, గంజాం శీర్షిక కింద ఉంటాయి.

#3 – వర్సైన్

పొలాల్లోకి వంగిన కట్ట ముక్క ఉందన్నారు కదా, అదే మీకు పెద్ద ఆధారం. చిన్న రైలు వంపులు బాగా బిగువుగా తిరుగుతాయి. 762 మి.మీ. గేజ్‌లో వంపు వ్యాసార్థం 44 మీటర్ల దాకా అనుమతి. బ్రాడ్‌గేజ్‌కి 175 మీటర్ల కంటే తక్కువ ఒప్పుకోరు. అందుకే గేజ్ మార్చినప్పుడు వంపుల దగ్గర కొత్త కట్టని విడిగా పోసి, పాత ముక్కని వదిలేస్తారు. మీరు చూసింది అలాంటిదా, లేక చెరువు గట్టో పొలం గట్టో అయి ఉంటుందా అన్నది వంపు కొలిచి చెప్పొచ్చు.

పద్ధతి చెప్తాను. కట్ట అంచుల మీద కొలవకండి. వానలకి అంచులు రాలిపోయి ఉంటాయి. ప్రతి 10 మీటర్లకీ కట్ట పైభాగం రెండు అంచుల మధ్య టేపు పట్టి, సరిగ్గా నడిమధ్య ఒక మేకు కొట్టండి. అలా కనీసం తొమ్మిది మేకులు ఉండాలి. ఇప్పుడు మొదటి మేకు నుంచి ఐదో మేకు దాకా నైలాన్ తాడు బిగించి కట్టండి. అది 40 మీటర్ల తీగ. మధ్యలో ఉన్న మూడో మేకుకీ తాడుకీ ఎంత ఎడం ఉందో మి.మీ.లో కొలవండి. రైల్వేవాళ్లు దాన్నే వర్సైన్ అంటారు. తర్వాత రెండో మేకు నుంచి ఆరో మేకుకి, మూడు నుంచి ఏడుకి, అలా ముందుకి జరుపుతూ పోండి.

లెక్క: వర్సైన్ = తీగ పొడవు × తీగ పొడవు ÷ (8 × వ్యాసార్థం). 40 మీటర్ల తీగకి ఇది 200 ÷ వ్యాసార్థం అవుతుంది, అన్నీ మీటర్లలో. వ్యాసార్థం 175 మీటర్లయితే వర్సైన్ 1143 మి.మీ. వస్తుంది. 100 మీటర్లయితే 2000 మి.మీ.

మీ కొలతలు వరసగా 1143 కంటే పెద్దవి వస్తే అది బ్రాడ్‌గేజ్ కోసం పోసిన కట్ట కాదని నిశ్చింతగా రాయొచ్చు. చిన్నవి వస్తే ఏమీ తేలదు, చిన్న రైలుకి నెమ్మదిగా తిరిగే వంపులూ ఉంటాయి కదా. ఒక్కటే కొలత పెద్దదిగా వచ్చి పక్కవి చిన్నవైతే ఆ మేకు దగ్గర కట్ట తెగిందనో, ఎవరో మట్టి తవ్వుకున్నారనో అర్థం. దాన్ని వదిలేయండి.

20 మీటర్ల తీగ తీసుకోమని కొందరు చెప్తారు. పట్టా మీద కొలిచేటప్పుడు అది సరిపోతుంది. మట్టి కట్ట మీద మాత్రం చాలదు. 175 మీటర్ల వంపుకి 20 మీటర్ల తీగలో వర్సైన్ 286 మి.మీ.యే వస్తుంది. అంచు ఒక చోట అర అడుగు రాలినా ఆ కొలత బాగా తప్పిపోతుంది.

#4 – సర్వేరాయి

కట్ట పైవెడల్పు కూడా రాసి పెట్టుకోండి. బ్రాడ్‌గేజ్ ఒంటి లైను కట్టకి చాలా ఏళ్లు 6.85 మీటర్లు లెక్క, ఇప్పుడు 7.85. చిన్న రైలు కట్ట అందులో సగం కాస్త అటూ ఇటూగా కనపడుతుంది. ఒక చోట కట్ట ఉన్నట్టుండి వెడల్పై, వంద రెండొందల మీటర్లు సాగి, మళ్లీ సన్నబడితే అక్కడ లూపు (పక్కన వేసిన రెండో లైను) ఉండేదన్నమాట. అంటే అది రెండు బండ్లు దాటుకునే స్టేషన్, హాల్ట్ కాదు.

#5 – పాత_టైంటేబుల్

సర్వేరాయి గారన్నది ముఖ్యమైన మాట, కొంచెం విడమరిచి చెప్తాను. రైల్వే నియమాల్లో స్టేషన్లు ఎ, బి, సి, డి తరగతులు. మొదటి మూడూ బ్లాక్ స్టేషన్లు. ఒక బండి ముందుకు పోవాలంటే అక్కడి మాస్టారు అనుమతి ఇవ్వాలి. డి తరగతి అంటే రెండు బ్లాక్ స్టేషన్ల మధ్యలో బండి ఊరికే ఆగే చోటు. సిగ్నలు ఉండదు, పాయింట్లు (బండి లైను మారే చోట్లు) ఉండవు, లూపు ఉండదు. మీది హాల్ట్ అయితే డి తరగతే.

దీనివల్ల మీకు ఒక కష్టం, ఒక లాభం. కష్టం ఏమిటంటే సిగ్నల్ నక్షాల్లో, స్టేషన్ పని నియమాల్లో హాల్ట్ పేరు రాకపోవచ్చు. అక్కడ లేదని ‘అసలు హాల్టే లేదు’ అనుకోకూడదు. లాభం ఏమిటంటే టికెట్లు అమ్మాలి కాబట్టి వాణిజ్య విభాగం కాగితాల్లో తప్పకుండా ఉండాలి: ఛార్జీల పట్టిక, దూరాల పట్టిక, స్టేషన్ల అక్షర క్రమ జాబితా. ఇలాంటి హాల్ట్‌లలో చాలాచోట్ల రైల్వే ఉద్యోగి ఉండడు. కమీషన్ మీద పనిచేసే హాల్ట్ ఏజెంట్ దగ్గరి పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చి అమ్ముతాడు. ఆ పెద్ద స్టేషన్ లెక్కల్లో హాల్ట్ పేరు ఉంటుంది.

#6 – మెట్టపొలం

చాలా సంతోషం మాస్టారూ. గది గోడల సంగతి కూడా అడగాలి. లోపల సుమారు 3 మీటర్లు × 2.5 మీటర్లు. ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. అది టికెట్ కిటికీయే అంటున్నారు. దాంతో హాల్ట్ అక్కడేనని తేల్చేయొచ్చా?

#7 – గ్యాంగ్‌హట్

తేల్చకండి. రైలు కట్ట పక్కన చిన్న గది మూడు రకాలు: టికెట్ గది, గేటు గది, గ్యాంగ్ పనివాళ్ల (పట్టాలు బాగుచేసేవాళ్ల) గది. దూరం నుంచి మూడూ ఒక్కలాగే ఉంటాయి.

గేటు గది పక్కన దారి ఉండాలి. ఇప్పుడు దారి లేకపోయినా పాత గ్రామ పటంలో బండిబాట కట్టని దాటుతుందేమో చూడండి. గది నుంచి 5–10 మీటర్లలోనే దాటితే అది గేటు గదే అనుకోండి. నేలలో గేటు స్తంభాల మొదళ్లు, గొలుసు బిగించిన ఇనుప కడియాలు దొరుకుతాయి. గ్యాంగ్ గదిలో సామాను దాచుకుంటారు: గడ్డపారలు, పారలు, జాకీలు. దానికి చిన్న కిటికీ అవసరం లేదు. ఉంటే గాలికి పైన పెడతారు.

టికెట్ కిటికీ అయితే దాని అడుగు అంచు బయట నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. వెలుపల చేయి పెట్టుకోడానికి రాయి పలకో సిమెంటు అరుగో ఉంటుంది. లోపలి వైపు బల్ల కోసం గోడలో గుంటలు ఉంటాయి. కిటికీ పట్టాల వైపో జనం నిలబడే నీడ వైపో తిరిగి ఉండాలి. పొలాల వైపు తిరిగి ఉంటే అనుమానించండి. బయట నేల ఎత్తు లెక్క పెట్టుకోవడం మరవకండి. మట్టి పేరుకుని నేల అడుగున్నర పైకి వచ్చిందంటే ఛాతీ ఎత్తు కిటికీ నడుము దగ్గర కనపడుతుంది. గోడ మొదట్లో చిన్న గుంట తవ్వి అసలు నేల ఎక్కడుందో చూశాకే కొలవండి.

ఇటుక, సున్నం కూడా చూడండి. సున్నం–సుర్ఖీ కట్టడమైతే గోరుతో గీస్తే పొడి రాలుతుంది, ఎర్రటి ఇటుక పొడి రేణువులు కనపడతాయి. సిమెంటుని మేకుతో గీసినా గీత సన్నగా పడుతుంది. పైకప్పు పెంకు ముక్కలు మంగళూరు పెంకువైతే అడుగు వైపు కార్ఖానా పేరు అచ్చు వేసి ఉంటుంది. ఆ ముక్కని కడిగి ఫోటో తీయండి. పూర్తి పెంకు కోసం గోడలు మాత్రం కదపకండి.

#8 – కంచెగుంజ

పట్టా ముక్కల మీద అచ్చు అక్షరాలు ఉంటాయి కదండీ, వాటిలో ఏడాది ఉంటుంది. అదే హాల్ట్ కట్టిన ఏడాది అనుకోవచ్చేమో.

#9 – వర్సైన్

అనుకోకూడదండీ. అది పట్టా తయారైన ఏడాది. పట్టా ముందు ఎక్కడో పెద్ద లైనులో ఇరవై ముప్పై ఏళ్లు నలిగి, అక్కడ తీసేశాక పక్క లైనుకో సైడింగుకో (పెట్టెలు నిలిపే లైనుకో) వస్తుంది. అక్కడా అరిగాక గుంజ అవుతుంది. కాబట్టి ఏడాది 1912 అని ఉంటే గుంజ పాతింది 1912కి ముందు కాదని మాత్రమే తెలుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు.

అయినా అచ్చు చదవడం మంచిదే. పట్టా నడుము మీద, అంటే తలకీ పాదానికీ మధ్యనున్న సన్నటి భాగం మీద, ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీ కార్ఖానా, పట్టా బరువు రకం, తయారైన నెల, ఏడాది వరసగా ఉంటాయి. నెల చాలాసార్లు రోమన్ అంకెల్లో ఉంటుంది. తుప్పు పట్టి కనపడకపోతే ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దకండి, అక్షరం అంచులు పోతాయి. కొబ్బరి పీచుతో దుమ్ము దులిపి, సుద్దముక్కని అడ్డంగా పట్టి తేలిగ్గా రుద్దండి. ఉబ్బు మీద మాత్రమే తెలుపు అంటుతుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే ఇంకా బాగా వస్తుంది.

అక్షరాలు అసలే పోతే మొత్తం ఎత్తు, పాదం వెడల్పు కొలవండి. గజానికి 50 పౌన్ల పట్టా ఎత్తు 105 మి.మీ., పాదం 100. 60 పౌన్లది 114, 110. 75 పౌన్లది 129, 122. 90 పౌన్లది 143, 137. తల భాగం అరిగిపోతుంది కాబట్టి ఎత్తు ఐదారు మి.మీ. తక్కువ రావచ్చు. పాదం కొలతనే నమ్మండి. పౌన్ల అంకెని 0.496తో గుణిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 90 పౌన్ల పట్టా దొరికితే అది ఈ చిన్న లైను కోసం తెచ్చింది కాదు, పెద్ద లైనులోంచి గుంజగా వచ్చిందే.

కంచెలో చెక్క స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు) ఏమైనా ఉన్నాయా? అవి పట్టాల కంటే మంచి సాక్ష్యం. నారోగేజ్ చెక్క స్లీపర్ పొడవు 1.5 మీటర్లు, మీటర్‌గేజ్‌ది 1.8, బ్రాడ్‌గేజ్‌ది 2.75. కోసి పొట్టి చేసిన ముక్క అయితే పొడవు చూడకుండా మేకుల చిల్లులు చూడండి. రెండు వైపుల లోపలి చిల్లుల మధ్య దూరం ముప్పాతిక మీటరుకి దగ్గరగా ఉంటే చిన్న రైలుదే.

ఒక హెచ్చరిక. దొరికినవేవీ ఇంటికి తీసుకుపోవద్దు. పట్టా ముక్క, స్లీపర్, ఫిష్‌ప్లేటు (పట్టాలు కలిపే ఇనుప పలక), బోల్టు, ఏదైనా రైల్వే ఆస్తే. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద అక్రమంగా దగ్గర పెట్టుకోవడమే నేరం. నడిచే లైను కట్ట మీదకి ఎక్కడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. వదిలేసిన ముక్క మీదే కొలవండి, అదీ అనుమతి తీసుకుని.

#10 – సర్వేరాయి

పటాల సంగతి. సర్వే ఆఫ్ ఇండియా పాత సంఖ్యల్లో నౌపడ 74బి/6లో, టెక్కలి 74బి/2లో, పర్లాకిమిడి 74బి/1లో వస్తాయి. గుణుపూర్ 65ఎం/16. మీ ఊరు టెక్కలికి ఉత్తరాన ఎంత దూరమో చూసుకోండి. 18 డిగ్రీల 45 నిమిషాల అక్షాంశం దాటితే షీటు మారిపోతుంది. లైను సరిగ్గా షీటు అంచున ఉంటే రెండూ తెచ్చుకోవాలి.

ఒకే పటాన్ని చూసి ఆగిపోవద్దు. అంగుళానికి మైలు లెక్కన అచ్చైన పాత పటం ఒకటి, 50,000 స్కేలు కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టండి. పాతదాంట్లో స్టేషన్ గుర్తు ఉండి కొత్తదాంట్లో లేకపోతే మూసిన కాలానికి ఒక హద్దు దొరుకుతుంది. కానీ పటం అంచున ‘ఫలానా ఏళ్లలో సర్వే చేసినది’ అని రాసిన ఏడాదిని తీసుకోవాలి గానీ అచ్చైన ఏడాదిని కాదు. రెండింటికీ మధ్య పదేళ్ల తేడా ఉండటం మామూలే.

అమెరికా సైన్యం వేసిన యూ502 వరస పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి స్కేలు 2,50,000, అంటే పటం మీద ఒక మి.మీ. నేల మీద పావు కిలోమీటరు. మీ మూడు చోట్ల మధ్య దూరం ముప్పాతిక కిలోమీటరు కాబట్టి పటం మీద అది మూడు మి.మీ. గుర్తు వేసిన చుక్కే ఒక మి.మీ. ఉంటుంది. లైను ఎటు వెళ్లిందో చూడటానికి పనికొస్తుంది, చోటు తేల్చడానికి పనికిరాదు.

దానికంటే కొరోనా ఉపగ్రహ చిత్రాలు మంచివి. 1960ల్లో, 70ల మొదట్లో అమెరికా నిఘా కోసం తీసి 1995లో బయటపెట్టినవి. చివరి రకం కెమెరాతో తీసినవాటిలో రెండు మీటర్ల వస్తువు కనపడుతుంది. పట్టా కనపడదు గానీ కట్ట, దాని నీడ, పక్కన గది, జనం నడిచి నడిచి తెల్లబడ్డ కాలిబాటలు కనపడతాయి. హాల్ట్ పట్టుకోవాలంటే ఆ కాలిబాటలే చూడండి. ఊళ్ల నుంచి వచ్చే బాటలన్నీ కట్ట మీద ఒక్క చోటికి వచ్చి ఆగిపోతే, కట్ట దాటి అవతలికి పోకపోతే, అక్కడ జనం బండి ఎక్కేవారు. దాటి పోతే అది గేటు. వీటిని అమెరికా భూవిజ్ఞాన సర్వే వెబ్‌సైటులో వెతకొచ్చు. ఇంతకుముందు ఎవరైనా స్కాన్ చేయించినవి ఉచితం.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల మీద సమయం పోగొట్టుకోవద్దు. ఒక చుక్క 30 మీటర్లు. చిన్న రైలు కట్ట దాంట్లో కలిసిపోతుంది.

#11 – అట్టటికెట్

పాత అట్ట టికెట్ ఒక్కటి దొరికినా చాలా విషయాలు తేలతాయి. ఇంటింటా అడగండి. పాత ట్రంకుపెట్టెల్లో, పద్దు పుస్తకాల్లో, బడి పుస్తకాల మధ్య ఉంటాయి. కొలత 57 మి.మీ. × 30 మి.మీ. పైన హాల్ట్ పేరు అచ్చై ఉంటే అక్కడ టికెట్ అమ్మకం ఉండేదని, లేదా అక్కడిదాకా టికెట్ ఇచ్చేవారని రుజువు.

తేదీ యంత్రం గుద్దిన అంకెలు ఒక అంచున, సిరా లేకుండా నొక్కినట్టు ఉంటాయి. వెలుగుకి అడ్డంగా పట్టి చూడండి. అవి చదవలేకపోతే అచ్చు మాటల్ని బట్టి కాలం కట్టొచ్చు. ఛార్జీ అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చు. ‘నయా పైసలు’ ఉంటే ఆ తర్వాత. మూడో తరగతి అని ఉంటే 1974కి ముందు, ఆ ఏడాదే మూడో తరగతి తీసేశారు. రైల్వే పొట్టి పేరు కూడా చూడండి, పాత_టైంటేబుల్ గారు పైన ఇచ్చిన ఏళ్లతో సరిపోల్చుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్న స్టేషన్‌కి ఒకసారి అచ్చు వేయించిన టికెట్లు ఏళ్ల తరబడి అమ్ముడవుతాయి. ఛార్జీ పెరిగితే పాత అంకె మీద రబ్బరు ముద్ర కొట్టి అవే వాడతారు. అచ్చు మాటలు చెప్పేది అచ్చు వేసిన కాలం, గుద్దిన తేదీ చెప్పేది ప్రయాణం చేసిన కాలం. మీ పుస్తకంలో రెండూ విడిగా రాయండి.

నెల పాసులు కూడా అడగండి. రోజూ తిరిగే కూలీలు, కాలేజీ పిల్లలు టికెట్ కంటే పాసే కొనేవారు. దాని మీద ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది చేతితో రాసి ఉంటుంది కాబట్టి ఊరి పేరుని ఆ రోజుల్లో ఎలా పలికేవారో కూడా దొరుకుతుంది.

#12 – వంశధార_ఒడ్డు

పెద్దల్ని అడిగే తీరు గురించి ఒక మాట. ‘స్టేషన్ ఎక్కడుండేది?’ అని అడిగితే ప్రతి ఒక్కరూ ఏదో చోటు చూపిస్తారు. చిన్న రైలు మెట్ట దగ్గర, వంపు దగ్గర బాగా నెమ్మదించేది. జనం అక్కడా ఎక్కేవారు, దిగేవారు. వాళ్ల మనసులో అదీ ‘ఆగే చోటే’. మీకు మూడు చోట్లు చూపించారంటే ముగ్గురూ నిజమే చెప్తూ ఉండొచ్చు.

ప్రశ్న మార్చండి. టికెట్ ఎక్కడ కొనేవారు? ఎవరు ఇచ్చేవారు? వాన వస్తే ఎక్కడ నిలబడేవారు? పేరు పలక ఏ వైపు ఉండేది? దీపం ఎవరు పెట్టేవారు? బండి ఆగితే ఇంజను ఏ చెట్టు దగ్గర ఉండేది, గార్డు పెట్టె ఏ చెట్టు దగ్గర ఉండేది? ఆఖరి ప్రశ్న చాలా విలువైనది. రెండు చెట్ల మధ్య దూరం కొలిస్తే బండి పొడవు వస్తుంది, దాని నడిమి చోటు హాల్ట్ నడిమికి దగ్గరగా ఉంటుంది.

ఒక్కొక్కర్నీ విడివిడిగా అడగండి. రచ్చబండ దగ్గర నలుగురిలో అడిగితే మొదట మాట్లాడిన పెద్దాయన చెప్పిందే మిగతావాళ్లూ అంటారు.

#13 – మెట్టపొలం

గ్యాంగ్‌హట్ గారూ, వంశధార_ఒడ్డు గారూ, ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. పాత టైంటేబుల్ ఒకటి దొరికింది, అందులో నౌపడ నుంచి మైళ్లు ఉన్నాయి. ఇప్పటి లైను పక్కన కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. మైళ్లని 1.609తో గుణించి ఆ రాయి దగ్గరకి వెళ్తే చాలదా?

#14 – పాత_టైంటేబుల్

చాలదు. ఆ లెక్క మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది, టైంటేబుల్‌లో దూరం సర్దిన అంకె. మైలులో ముక్కలు ఉండవు. ఒక్క మైలు సర్దుబాటులోనే మీ మూడు చోట్లూ ఇమిడిపోతాయి.

రెండోది, ఇప్పటి లైను పాత దారిలో లేదు. పొలంలో మీరు చూసిన వంపే దానికి సాక్షి. వంపులు సాపు చేసిన ప్రతి చోటా దారి కొంత తగ్గింది. నౌపడ నుంచి మీ ఊరి దాకా అవన్నీ కూడుకుంటాయి. పాత 20 కి.మీ., కొత్త 20 కి.మీ. ఒకే చోటు కావు.

మూడోది, సున్నా ఎక్కడ మొదలైందన్నది. దూరం సాధారణంగా స్టేషన్ భవనం నడిమి నుంచి లెక్క. నౌపడలో చిన్న రైలు ప్లాట్‌ఫారం నడిమి, ఇప్పటి శాఖా లైను మొదలయ్యే చోటు ఒకటేనని అనుకోవడానికి లేదు.

కాబట్టి నౌపడ నుంచి కొలవొద్దు. మీ ఊరికి అటూ ఇటూ ఉన్న, నేటికీ అదే చోట ఉన్న రెండు గుర్తుల మధ్య కొలవండి. పాత రాతి కల్వర్టులు దీనికి బాగుంటాయి. బ్రిడ్జి రిజిస్టరులో ప్రతి కల్వర్టుకీ సంఖ్య, మైలు, గొలుసుల్లో (పాత సర్వే కొలత) దూరం ఉంటాయి. పాత రిజిస్టరు దొరికితే మీ హాల్ట్ ఏ రెండు కల్వర్టుల మధ్య ఉండాలో తెలుస్తుంది. అప్పుడు వెతకాల్సిన ముక్క కిలోమీటరు నుంచి రెండు మూడు వందల మీటర్లకి దిగుతుంది.

#15 – సర్వేరాయి

రిజిస్టరు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజుల గడువు, నకలుకి పేజీకి 2 రూపాయలు. అడిగే తీరు ముఖ్యం. ‘హాల్ట్ ఎందుకు మూశారు?’ అని రాస్తే కారణాలు చెప్పడం చట్టం పరిధిలోకి రాదని తిప్పి పంపొచ్చు. కాగితం పేరు రాయండి: నౌపడ–పర్లాకిమిడి నారోగేజ్ సెక్షన్ బ్రిడ్జి రిజిస్టరు నకలు, గేజ్ మార్పిడికి ముందు చివరి వర్కింగ్ టైంటేబుల్ (రైల్వే సిబ్బంది వాడేది) నకలు, ఆ సెక్షన్‌లో స్టేషన్లు తెరిచిన, మూసిన వాణిజ్య సర్క్యులర్ల నకలు, మీ గ్రామ పరిధి రైల్వే భూమి నక్షా నకలు. ఒక్కో దరఖాస్తులో ఒక్కో విభాగం కాగితాలే అడగండి. ఇంజనీరింగు, వాణిజ్యం కలిపితే ఒకరి జవాబు కోసం ఇంకొకరు ఆగుతారు.

పర్లాకిమిడి–గుణుపూర్ ముక్కని కొత్త రాయగడ డివిజన్‌కి కేటాయించారు. మీది పర్లాకిమిడికి ఇవతల కాబట్టి విశాఖపట్నం డివిజన్ కార్యాలయానికే రాయండి. కాగితం ఇంకోచోట ఉంటే చట్టం 6(3) సెక్షన్ కింద ఐదు రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. దరఖాస్తు చివర ఆ సెక్షన్ పేరు రాసేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు పెట్టాలి. ఆ గడువు మాత్రం దాటనివ్వకండి.

భూమి నక్షా చేతికొస్తే హద్దు గీత చూడండి. లైను వెంట రెండు వైపులా సమానంగా పోయే రైల్వే హద్దు హాల్ట్ దగ్గర ఒక వైపు ఉబ్బి ఉంటుంది. ప్లాట్‌ఫారానికీ గదికీ అదనంగా తీసుకున్న నేల అది. పట్టాలు పోయినా, గోడ పోయినా హద్దు మాత్రం చెరిగిపోదు. గ్రామ ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) పక్క సర్వే నంబర్ల హద్దులు కూడా అదే ఉబ్బు చుట్టూ తిరుగుతాయి.

#16 – గ్యాంగ్‌హట్

ప్లాట్‌ఫారం గురించి ఎవరూ అనలేదు. చిన్న రైలు హాల్ట్‌లో ఎత్తైన ప్లాట్‌ఫారం కోసం వెతకొద్దు. నేల మట్టానికి కొంచెం పైన చదును చేసి, అంచున రాళ్ల వరస పెట్టడంతోనే సరిపెట్టేవారు. ఇప్పుడు బ్రాడ్‌గేజ్‌లో మామూలు ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైనుంచి 760–840 మి.మీ. ఉంటుంది, తక్కువ రకం 455 మి.మీ. దాకా. అలాంటి అంచు గోడ కనపడితే అది 2004 తర్వాతదే. గడ్డి కింద వరసగా ఒకే ఎత్తున పెట్టిన రాళ్లు తగిలితే ఆ వరస పొడవు, రెండు చివరలు గుర్తు పెట్టండి. కొలవడానికి సంక్రాంతి దాటాక వెళ్లండి. కోతలైపోయి పొలాలు ఖాళీగా ఉంటాయి, కట్ట మీద గడ్డి ఎండి నేల కనపడుతుంది. వానల్లో తుమ్మ, లాంటానా కమ్మేసి మేకు కొట్టే చోటు కూడా దొరకదు.

#17 – మెట్టపొలం

అలాగేనండి. మొదట కల్వర్టులు, భూమి నక్షా. ఆ తర్వాత కట్ట వర్సైన్, గది కిటికీ, రాళ్ల వరస. పెద్దల్ని విడివిడిగా మళ్లీ అడుగుతాం. దరఖాస్తులు రెండు, ఇంజనీరింగుకి ఒకటి, వాణిజ్యానికి ఒకటి, ఈ వారమే పంపిస్తాం.

#18 – వర్సైన్

స్టీలు టేపు తీసుకెళ్లండి. గుడ్డ టేపు సాగుతుంది. మేకుల సంఖ్యలు కాగితం మీద కాకుండా మేకుకే రంగు పూసి రాయండి, మధ్యలో ఒకటి ఎవరి కాలైనా తగిలి ఊడిపోతే వరస మొత్తం తారుమారవుతుంది. కొలతలు ఇక్కడ పెడితే వ్యాసార్థాలు కట్టి ఇస్తాను.